ఆర్చీ రోచ్: ఎత్తుకుపోయిన పిల్లల్లో ఒకరి పాట

గత సంచికలో వివిధ దేశాల ప్రజాసంగీతం గురించి రాసిన వ్యాసంలో ఆస్ట్రేలియా ఆదివాసీ గాయకుడు, గేయకర్త ఆర్చీ రోచ్ పేరు ఒక్క వాక్యంలో వచ్చి వెళ్ళింది. ఆ ఒక్క వాక్యం పట్టుకుని చాలామంది పాఠకులు ఉత్తరాలు రాశారు. వాటిలో కొన్నింటికి ఈసారి శీర్షిక మొత్తాన్ని కేటాయిస్తున్నాము.

ప్రశ్న: ఆర్చీ రోచ్‌ను చిన్నతనంలో కన్నవారి దగ్గర నుంచి ప్రభుత్వమే తీసుకుపోయిందని రాశారు. తల్లీ తండ్రీ బతికి ఉన్న పిల్లవాణ్ణి అలా తీసుకుపోవడానికి చట్టం ఎలా ఒప్పుకుంది?
– కాకినాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: చట్టం ఒప్పుకోవడమే కాదు, అటువంటి చట్టాలను ఆ పని కోసమే తయారు చేశారు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా ప్రాంతంలో 1869లో వచ్చిన ఒక చట్టం ఆదివాసులు ఎక్కడ నివసించాలో, ఏ పని చేయాలో, వారి పిల్లలు ఎవరి సంరక్షణలో పెరగాలో నిర్ణయించే అధికారాన్ని ప్రభుత్వ బోర్డు చేతిలో పెట్టింది. తర్వాతి దశాబ్దాలలో మిగిలిన రాష్ట్రాలు కూడా అదే దారిలో నడిచాయి. పైకి చెప్పిన కారణం పిల్లల సంక్షేమం. లోపల ఉన్న ఉద్దేశం మాత్రం, ముఖ్యంగా శ్వేతజాతి రక్తం కొంత కలిసిన పిల్లలను, శ్వేతజాతి సమాజంలో కలిపేసి వారి భాషను, బంధుత్వాలను, నేలతో ఉన్న అనుబంధాన్ని మరిపించడం. ఇలా పెరిగినవారిని అక్కడ ‘స్టోలెన్ జనరేషన్స్’ అంటారు, అంటే అపహరణకు గురైన తరాలు. 1997లో ఆస్ట్రేలియా పార్లమెంటు ముందుకు వచ్చిన ‘బ్రింగింగ్ దెమ్ హోమ్’ నివేదిక, 1910 నుంచి 1970 వరకు ఆదివాసీ పిల్లల్లో పది మందికి ఒకరు మొదలుకొని ముగ్గురికి ఒకరి దాకా ఈ విధంగా కుటుంబాలకు దూరమయ్యారని అంచనా వేసింది.

ఆర్చీ రోచ్ 1956 జనవరి 8న విక్టోరియాలోని మూరూప్నా పట్టణంలో పుట్టారు. తల్లి వైపు వారు గుండిచ్‌మారా ప్రజలు, తండ్రి వైపు వారు బుంజలంగ్ ప్రజలు. ఆ కుటుంబం తరువాత వార్నంబూల్ పట్టణానికి దగ్గరగా ఉన్న ఫ్రామ్లింగమ్ అనే ఆదివాసీ నివాసానికి చేరింది. ఆర్చీకి ఇంకా మాటలు కూడా సరిగా రాని వయసులో, ఆయననూ తోబుట్టువులనూ అధికారులు అక్కడి నుంచే తీసుకుపోయారు. మొదట ఒక అనాథాశ్రమం, ఆ తర్వాత కష్టపెట్టిన పెంపుడు ఇళ్ళు, చివరికి మెల్‌బోర్న్‌లో కాక్స్ దంపతుల ఇల్లు. స్కాట్లాండ్ నుంచి వలస వచ్చిన ఆ దంపతులు ఆయనను ప్రేమగానే పెంచారు. పిల్లవాడి కన్నవారు ఇంట్లో జరిగిన అగ్నిప్రమాదంలో చనిపోయారని అధికారులు చెప్పిన మాటను వారూ నమ్మారు, ఆయనకూ అదే చెప్పారు. ఈ విషయాన్ని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. ఆర్చీ రోచ్ ఆ పెంపుడు తల్లిదండ్రుల గురించి జీవితాంతం కృతజ్ఞతతోనే మాట్లాడారు. అన్యాయం చేసింది ఒక వ్యవస్థ అని, దానిలో మంచి మనుషులు కూడా ఇరుక్కుపోయారని ఆయనకు స్పష్టంగా తెలుసు. ఆయన పాటల్లో కోపం ఉన్నా ద్వేషం కనబడకపోవడానికి మూలం ఇక్కడే ఉందని నేను నమ్ముతాను.

సంగీతం కూడా ఆ ఇంట్లోనే పరిచయమైంది. పెంపుడు తండ్రి స్కాట్లాండ్ పాటలు పాడేవారు, ఆ ఇంటి పెద్దమ్మాయి చర్చిలో కీర్తనలు పాడుతూ, వాయిస్తూ తమ్ముడికి గిటారు, కీబోర్డులలో ఓనమాలు నేర్పింది.

ప్రశ్న: మరి తనవాళ్ళు బతికే ఉన్నారని ఆయనకు ఎప్పుడు, ఎలా తెలిసింది?
– మెల్‌బోర్న్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: బడిలో ఉండగా ఉత్తరం ద్వారా తెలిసింది. అప్పటికి ఆయన పదిహేనేళ్ళ లోపు కుర్రవాడు, బడిలో అందరికీ ఆర్చీ కాక్స్‌గానే తెలుసు. ఒకరోజు మైకులో ‘ఆర్చిబాల్డ్ విలియం రోచ్’ అనే విద్యార్థి ఆఫీసుకు రావాలని పిలిచారు. ఆ పేరు తనదేనని ఆయనకు వెంటనే తట్టలేదు. చేతిలో పెట్టిన కవరు తెరిస్తే, తనకు మర్టిల్ అనే అక్క ఉందని, ఇంకా తోబుట్టువులు ఉన్నారని, కన్నతల్లి కొద్ది రోజుల క్రితమే మరణించిందని అందులో రాసి ఉంది. తల్లి ఉందన్న వార్త, తల్లి పోయిందన్న వార్త ఒకే కాగితం మీద చేరాయి. కొంతకాలానికి ఆయన గిటారు తీసుకుని ఆ ఇల్లు వదిలి, తనవారిని వెతుక్కుంటూ బయలుదేరారు.

ఆ వెతుకులాట సూటిగా సాగలేదు. తోబుట్టువులు దొరికారు, కానీ వారిలో చాలామంది తనలాగే చెదిరిపోయినవారు. పదేళ్ళకు పైగా మెల్‌బోర్న్, సిడ్నీ, అడిలైడ్ వీధుల్లో ఆయన బతికారు. సంతల్లో డేరాలు వేసి ఆడించే బాక్సింగ్ పోటీలలో ముష్టియుద్ధాలు చేశారు, తాగుడుకు బానిసయ్యారు, ప్రాణం మీదకు కూడా తెచ్చుకున్నారు. మెల్‌బోర్న్‌లోని ఫిట్జ్‌రాయ్ ప్రాంతంలో ఇల్లూ వాకిలీ లేని ఆదివాసులు చేరి కూర్చునే ఒక సందు ఉండేది. ఊరికి దూరంగా పెరిగిన పిల్లలు తమ బంధువులెవరో తెలుసుకున్నది చాలాసార్లు అక్కడే. దానిని వారు ‘చార్‌కోల్ లేన్’ అనుకునేవారు. తరువాత ఆయన మొదటి ఆల్బమ్‌కు పెట్టిన పేరు అదే.

ప్రశ్న: ఒక్క పాటతోనే ఆయన ప్రసిద్ధులయ్యారని అంటారు. నేను సంగీతం నేర్పే ఉపాధ్యాయురాలిని. ఆ పాటలో అంత గొప్పతనం ఏముందో, నిర్మాణం దృష్టిలో పెట్టుకుని వివరించగలరా?
– వరంగల్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఆ పాట ‘టుక్ ది చిల్డ్రెన్ అవే’. ‘పిల్లలను తీసుకుపోయారు’ అన్న ఒకే వాక్యం దానికి పల్లవి. 1980ల చివరలో, బ్యాంజో క్లార్క్ అనే గుండిచ్‌మారా పెద్దాయన పట్టుబట్టిన మీదట ఆర్చీ రోచ్ దీనిని రాశారు. పిల్లలను తీసుకుపోయిన రోజున ఏం జరిగిందో ఆర్చీకి గుర్తులేదు, గుర్తుండే వయసు కాదు. ఆ రోజును చూసినవారు చెప్పగా విని, తనది కాని జ్ఞాపకం నుంచి తన పాటను నిర్మించుకోవలసి వచ్చింది. పాట మొదట్లోనే ‘ఇది నిజమైన కథ’ అని ప్రమాణం చేసినట్టు చెప్పడం వెనుక ఉన్న అవసరం ఇదే. ఎందుకంటే 1988 నాటికి ఆస్ట్రేలియాలో చాలామంది ఈ విషయం విననైనా వినలేదు, విన్నవారిలో కొందరు నమ్మలేదు.

ఇక నిర్మాణం సంగతి. రాగం చాలా సులువైనది. గిటారు మీద కొద్దిపాటి స్వరసముదాయాలతో, జానపద బాణీకీ చర్చి కీర్తనకూ నడుమ నడుస్తుంది. గొంతు ఎక్కడా అరవదు. పాటంతా కలిపి నాటకీయమైన సంఘటన ఒక్కటే ఉంది: ఫ్రామ్లింగమ్‌లో అధికారి, పోలీసు వచ్చి, మీరు ఇవ్వలేనివి మేము ఇస్తామని నచ్చచెబుతుంటే, తల్లి ఏడుస్తూ నాన్నను పిలుచుకురమ్మంటుంది. తండ్రి పరుగున వచ్చి, పిడికిళ్ళు బిగించి, నా పిల్లలను ముట్టుకోవాలంటే ముందు నాతో పోరాడాలని నిలబడతాడు. ఆ నిలబడటం ఎంతసేపు సాగిందో, ఎలా ముగిసిందో కవి వర్ణించడు. వెంటనే పల్లవి వచ్చేస్తుంది. తండ్రి ఓడిపోయాడన్న సంగతిని పల్లవి చేతనే చెప్పించడం గొప్ప గేయకర్తకు మాత్రమే సాధ్యమయ్యే పని.

మీరు విద్యార్థులకు చూపించదగిన మరో అంశం, మాట్లాడే మనిషి మారే తీరు. మొదట ‘పిల్లలను’ తీసుకుపోయారు. కాసేపటికి అది ‘మమ్మల్ని’ అవుతుంది. పంచిపెట్టిన కానుకలు, నేర్పిన ప్రార్థనలు, తెల్లవారిలా నడుచుకుంటూ లోపల నల్లవారిగా బాధపడటం, అన్నీ ఆ ‘మేము’లో వస్తాయి. చిట్టచివర పల్లవి తలకిందులవుతుంది. పిల్లలు తిరిగి వచ్చారు: తల్లి దగ్గరికి, తండ్రి దగ్గరికి, అక్కచెల్లెళ్ళ దగ్గరికి, అన్నదమ్ముల దగ్గరికి, తమ ప్రజల దగ్గరికి, తమ నేలకు. అప్పుడు మాత్రమే ‘నేను తిరిగి వచ్చాను’ అంటాడు. ఆయన సొంత తల్లి ఆయన రాకముందే పోయిందని తెలిసి ఈ చరణం వింటే, పాట తన రచయితకు దక్కనిదాన్ని కూడా మిగతా పిల్లల కోసం కోరుకుంటున్నదని అర్థమవుతుంది.

ప్రశ్న: వీధుల్లో బతికిన మనిషి పెద్ద వేదికల దాకా ఎలా చేరారు? ఆయనను మొదట గుర్తించింది ఎవరు?
– హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: 1988 ఆస్ట్రేలియాలో బ్రిటిష్ వారు వలస స్థాపించి 200 ఏళ్ళు నిండిన సంవత్సరం. ప్రభుత్వం ఉత్సవాలు చేస్తుంటే ఆదివాసులు నిరసనలు తెలిపారు. ఆ ఏడాదే ఆర్చీ రోచ్ తన పాటను మెల్‌బోర్న్‌లోని ఒక సామాజిక రేడియోలోనూ, ఆదివాసుల టెలివిజన్ కార్యక్రమంలోనూ పాడారు. పాల్ కెల్లీ అప్పటికే ఆస్ట్రేలియాలో పేరున్న గాయకుడు. ఆయన బృందంలో గిటారు వాయించే స్టీవ్ కొనొలీకి ఈ పాట నచ్చి, 1989 తొలినాళ్ళలో మెల్‌బోర్న్ కాన్సర్ట్ హాలులో తమ కచేరీకి ముందు పాడమని ఆర్చీని పిలిపించారు. ఆయన రెండు పాటలే పాడారు, రెండవది ఇదే. పాట అయిపోయాక హాలులో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. జనానికి నచ్చలేదనుకుని ఆయన వెనుదిరిగి వెళ్ళిపోతుండగా, అక్కడక్కడ మొదలైన చప్పట్లు హాలంతా వ్యాపించాయి. ఈ సంఘటనను పాల్ కెల్లీ తర్వాత ఎన్నో సార్లు తలచుకున్నారు.

పాల్ కెల్లీ, స్టీవ్ కొనొలీ కలిసి నిర్మించిన ‘చార్‌కోల్ లేన్’ ఆల్బమ్ 1990లో వెలువడింది. దానికి 1991లో ఆస్ట్రేలియా రికార్డింగ్ పరిశ్రమ ఇచ్చే ఏరియా (ARIA) పురస్కారాలు రెండు వచ్చాయి, ఉత్తమ ఆదివాసీ ఆల్బమ్‌గానూ, ఉత్తమ నూతన కళాకారుడిగానూ. ‘టుక్ ది చిల్డ్రెన్ అవే’ పాటకు ఆ దేశపు మానవ హక్కుల కమిషన్ పురస్కారం లభించింది. ఒక పాటకు ఆ గౌరవం దక్కడం అదే మొదలు. ఆ కమిషన్ విచారణ నివేదిక, అంటే పైన చెప్పిన ‘బ్రింగింగ్ దెమ్ హోమ్’, 1997లో, ప్రధానమంత్రి కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పడం 2008 ఫిబ్రవరి 13న జరిగాయి. అంటే ప్రభుత్వం ఒప్పుకోవడానికి ఏళ్ళ ముందే ఈ పాట ఇళ్ళల్లో, రేడియోలలో సాక్ష్యం చెప్పింది. ఆయనలాగే తీసుకుపోబడిన మనుషులు ఊరూరా కచేరీ ముగిశాక ఆయన దగ్గరికి వచ్చి తమ కథలు చెప్పుకునేవారు. పురస్కారాల కన్నా ఈ సంగతే ఆయన ప్రయాణంలో నాకు పెద్దదిగా కనబడుతుంది.

ప్రశ్న: ఆయన భార్య కూడా గాయని అని విన్నాను. ఆమె గురించి మీ వ్యాసంలో ఒక్క మాట కూడా లేదు.
– నెల్లూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీరు అడిగినది న్యాయమైన ప్రశ్న. రూబీ హంటర్ లేకపోతే ఆర్చీ రోచ్ సంగీత జీవితం ఉండేది కాదు. ఈ మాట భార్యాభర్తల అన్యోన్యతను పొగడటానికి అంటున్నది కాదు, జరిగినది అదే.

రూబీ హంటర్ ముర్రే నదీతీరంలో పుట్టి, ఎనిమిదేళ్ళ వయసులో తనవారికి దూరమైన మనిషి. అడిలైడ్‌లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ వారు నిలువ నీడ లేనివారి కోసం నడిపే ‘పీపుల్స్ ప్యాలెస్’లో, ఇద్దరూ పదహారు, పదిహేడేళ్ళ వయసులో ఉండగా కలుసుకున్నారు. తాగుడు నుంచి ముందుగా బయటపడింది ఆమె. ఇక ఇలాగే సాగితే కుదరదని పిల్లలతో సహా దూరంగా వెళ్ళిపోయిన తర్వాతే ఆర్చీ కూడా మానేసి, తరువాత తనలాంటివారికి సాయపడే పనిలో చేరారు. ఇద్దరూ కలిసి ‘ది ఆల్‌టుగెదర్స్’ అనే బృందాన్ని పెట్టుకున్నారు. పాల్ కెల్లీ ఆల్బమ్ చేద్దామని పిలిచినప్పుడు ఆర్చీ వెనుకాడారు. అప్పుడు ఆమె, ఇది నీ ఒక్కడి సంగతి కాదు, మనవాళ్ళలో ఆల్బమ్ చేసే అవకాశం ఎంతమందికి వస్తుందని నిలదీసింది. ఈ సంగతి చెప్పింది ఆర్చీయే.

ఆమె రాసిన ‘డౌన్ సిటీ స్ట్రీట్స్’ పాటను ఆయన ‘చార్‌కోల్ లేన్’లో పాడారు. నగర వీధుల్లో పడుకున్న రోజులను జాలి కోసం కాకుండా, ఉన్నది ఉన్నట్టుగా చెప్పే పాట అది. 1994లో ‘థాట్స్ వితిన్’ పేరుతో ఆమె సొంత ఆల్బమ్ వచ్చింది. పెద్ద రికార్డింగ్ సంస్థ ద్వారా సొంత ఆల్బమ్ విడుదల చేసిన తొలి ఆదివాసీ మహిళ ఆమె. 2004లో పియానో విద్వాంసుడు పాల్ గ్రబౌస్కీ, ఆస్ట్రేలియన్ ఆర్ట్ ఆర్కెస్ట్రాలతో కలిసి దంపతులిద్దరూ ‘కురా తుంగార్’ అనే ప్రదర్శన చేశారు; ఆమె పుట్టిన నది, ఆమె ప్రజలు దానికి ఆధారం. సొంత కొడుకులతో పాటు వారిద్దరూ ఎందరో పిల్లలను తమ ఇంట్లో పెట్టుకుని పెంచారు. బలవంతంగా పెంపుడు ఇళ్ళకు పోయిన ఇద్దరు మనుషులు, తమ ఇంటిని మిగతా పిల్లలకు తెరిచి ఉంచారు. 2010 ఫిబ్రవరి 17న, 54వ ఏట ఆమె కన్నుమూశారు.

ప్రశ్న: ఆదివాసీ గాయకుడై ఉండి ఇంగ్లీషులోనే పాడటం వింతగా లేదా? తన భాషలో పాడలేదేం?
– బెంగళూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: పిల్లలను తీసుకుపోవడం వల్ల జరిగిన నష్టాలలో భాష ఒకటి. తల్లి ఒడిలో నేర్చుకోవలసిన భాషను ఆయనకు నేర్చుకునే వీలు లేకుండా చేశారు కాబట్టి, తన దగ్గర మిగిలిన భాషలోనే తన కథ చెప్పారు. ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలో, భాషలు ఇంకా ఇళ్ళలో వినబడుతున్న చోట, పరిస్థితి వేరు. అక్కడి యొత్తు యిండి బృందం 1991లో పేరు తెచ్చుకున్న ‘ట్రీటీ’ పాటను ఇంగ్లీషుతో పాటు తమ యోల్‌ఙు భాషలో కూడా పాడింది. ఆ ప్రాంతపు గాయకులతో పోల్చి ఆర్చీ రోచ్‌లో లోటు వెతకడం సరికాదు.

ప్రశ్న: మొదటి ఆల్బమ్ తర్వాత ఆయన ఏమేమి చేశారు? ఆరోగ్యం దెబ్బతిన్నాక కూడా పాడారా?
– విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు

జవాబు: 1993లో ‘జాము డ్రీమింగ్’, 1997లో ‘లుకింగ్ ఫర్ బటర్ బాయ్’, 2002లో ‘సెన్సువల్ బీయింగ్’, 2007లో ‘జర్నీ’ వచ్చాయి. 2002లో వచ్చిన ‘ది ట్రాకర్’ చలనచిత్రంలో కథ నడుస్తుండగా నేపథ్యంలో వినబడే పాటల గొంతు కూడా ఆయనదే. బాబ్ డిలన్, ట్రేసీ చాప్‌మన్ వంటివారి కచేరీలకు ముందు కూడా పాడారు.

2010 ఆయనకు అన్ని వైపుల నుంచి దెబ్బ తీసిన ఏడాది. ఫిబ్రవరిలో రూబీ పోయారు, అక్టోబరులో పశ్చిమ ఆస్ట్రేలియాలోని కింబర్లీ ప్రాంతంలో ఉండగా ఆయనకు పక్షవాతం వచ్చింది. మరుసటి ఏడాది ఊపిరితిత్తుల కేన్సర్ బయటపడి, ఊపిరితిత్తిలో కొంత భాగం తీసేయవలసి వచ్చింది. గిటారు వాయించడం మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవలసిన స్థితి, గొంతుకు ఆధారమైన శ్వాస తగ్గిన స్థితి. అలాంటి సమయంలో 2012లో ‘ఇంటు ది బ్లడ్‌స్ట్రీమ్’ చేశారు. వెనుక చర్చి తరహా బృందగానం వినిపించే ఆ ఆల్బమ్ ఆయన రచనల్లో ఉల్లాసం ఎక్కువగా ఉన్నది కావడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. 2014లో యువ ఆదివాసీ కళాకారులకు తోడ్పడటానికి తన పేరిట ఒక ఫౌండేషన్ స్థాపించారు. 2016లో ‘లెట్ లవ్ రూల్’, 2019లో ఆత్మకథ ‘టెల్ మీ వై’, దానితో పాటు అదే పేరుతో ఆల్బమ్ వచ్చాయి. 2020 నవంబరులో ఆయనను ఏరియా హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. ఆ రాత్రి ఆయన తన సొంత ప్రాంతమైన వార్నంబూల్ నుంచి, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతోనే, ‘టుక్ ది చిల్డ్రెన్ అవే’ పాడారు. 2022 జూలై 30న, 66వ ఏట, అక్కడే తుదిశ్వాస విడిచారు.

ప్రశ్న: ఆస్ట్రేలియా ఆదివాసులు చనిపోయినవారి పేరు పలకరని, ఫొటో చూపరని ఇక్కడి మా పిల్లల బడిలో చెబుతారు. మరి మీరు పేరు రాయవచ్చా?
– సిడ్నీ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీ పిల్లలకు బడిలో సరిగ్గానే చెప్పారు. చాలా ఆదివాసీ సమాజాలలో చనిపోయినవారి పేరును, రూపాన్ని కొంతకాలం పక్కన పెట్టే ఆచారం ఉంది, బయటివారు దానిని గౌరవించాలి. అయితే ఆర్చీ రోచ్ మరణించినప్పుడు, ఆయన వారసత్వం మరింతమందికి చేరాలన్న ఉద్దేశంతో ఆయన పేరు, చిత్రం, సంగీతం వాడుకోవడానికి కొడుకులు బహిరంగంగా అనుమతి ఇచ్చారు. ఆ అనుమతి ఉన్నందువల్లే ఈ శీర్షికలో పేరు రాస్తున్నాము. అక్కడి ఆదివాసుల్లో పెద్దవారిని బంధుత్వం లేకపోయినా అంకుల్, ఆంటీ అని గౌరవంగా పిలుస్తారు. మీ ఊరివారు ఆయనను అంకుల్ ఆర్చీ అనడం విని ఉంటారు, పిల్లలూ అలాగే అనవచ్చు.

ప్రశ్న: ఆయన పాటలు కొత్తగా వినేవారు ఎక్కడ మొదలుపెట్టాలి?
– తిరుపతి నుంచి ఒక పాఠకుడు

జవాబు: 1990 నాటి ‘చార్‌కోల్ లేన్’తో మొదలుపెట్టండి. అది పూర్తయ్యాక, అవే పాటలను ముప్ఫై ఏళ్ళ తర్వాత, 2020లో, తన ఇంటి వంటగది బల్ల దగ్గర కూర్చుని మళ్ళీ రికార్డు చేసిన ‘ది సాంగ్స్ ఆఫ్ చార్‌కోల్ లేన్’ వినండి. మొదటిదానిలో కుర్రదనం పోని, తేనెలాంటి గొంతు ఉంటుంది. రెండవదానిలో శ్వాస మధ్యమధ్య ఆగుతుంది, మాటకూ మాటకూ నడుమ ఎడం పెరుగుతుంది, కానీ ఒక్కో మాట బరువు కూడా పెరుగుతుంది. నాకు రెండవదే ఎక్కువ ఇష్టం. ఆ తర్వాత రూబీ హంటర్ ‘థాట్స్ వితిన్’ వినండి. ఇంగ్లీషు ఉచ్చారణ అలవాటు లేనివారు పాట సాహిత్యం ముందుగా ఒకసారి చదువుకుని వింటే, ఏ చరణంలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో సులువుగా తెలుస్తుంది.